డిశ్చార్జ్ బుక్కులో ఆ ఒక్క వాక్యం మారుతుందా?

న్యాయ సలహా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, నాది గుంటూరు దగ్గర పల్లెటూరు. 1997 డిసెంబరులో సిపాయిగా సైన్యంలో చేరాను. 2011 ఆగస్టులో నన్ను ఇంటికి పంపించారు. మొత్తం 13 ఏళ్ల 8 నెలల సర్వీసు. డిశ్చార్జ్ బుక్కులో కారణం రాసే చోట ‘సర్వీసెస్ నో లాంగర్ రిక్వైర్డ్’ అని టైపు చేసి ఉంది. నా కాండక్ట్ షీటులో, అంటే ప్రవర్తన రాసే కాగితంలో, నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు (పెద్ద శిక్షలను ఎర్ర సిరాతో నమోదు చేసేవి) ఉన్నాయి. మొదటిది 2001లో సెలవు దాటి 19 రోజులు ఆలస్యంగా చేరినందుకు. రెండోది 2006లో తాగి ఉన్నందుకు. మూడోది, నాలుగోది మా నాన్నగారు చనిపోయిన 2010–11 చలికాలంలో ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. అంతకు ముందు రెండేళ్లు కశ్మీరులో ఎత్తయిన పోస్టుల మీద పనిచేశాను. అక్కడి నుంచి దిగినప్పటి నుంచి నాకు రాత్రిళ్లు నిద్ర ఉండదు. మిలిటరీ ఆసుపత్రిలో మానసిక వైద్యుల వార్డులో 23 రోజులు ఉంచారు. 2011 ఆగస్టులో ఒకరోజు ఉదయం షోకాజ్ నోటీసు ఇచ్చి, రెండు రోజుల్లో జవాబు రాయమన్నారు. క్లర్కు చెప్పినట్టు హిందీలో నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టాను. ఆ తరువాత వారం తిరిగేసరికి రైలెక్కించారు.

ఇప్పుడు నేను ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో రాత్రి కాపలా పని చేస్తున్నాను. మా అమ్మాయి ఇంజినీరింగు కౌన్సెలింగుకు వెళ్లినప్పుడు సైనికుల పిల్లల కోటా కోసం ధ్రువపత్రం అడిగితే, నేను మాజీ సైనికుడి నిర్వచనంలోకి రానని చెప్పారు. ఆ రోజు ఇంటికి వచ్చాక ఆ ఇంగ్లీషు వాక్యానికి అర్థం ఏమిటని అమ్మాయి అడిగింది. నేను చెప్పలేకపోయాను. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు అక్కడి సైనికులు డిశ్చార్జ్‌ను ‘అప్‌గ్రేడ్’ చేయమని దరఖాస్తు పెట్టుకుంటారని చెబుతున్నాడు. మనకు అలాంటిది ఉందా? ఎవరికి రాయాలి? ఇన్నేళ్లు గడిచాక ఎవరైనా వింటారా? నేను తప్పులు చేయలేదని అనడం లేదు. కానీ ఆ 13 ఏళ్ల 8 నెలలు కూడా నేనే చేశాను. పేరు, రెజిమెంటు అచ్చు వేయవద్దని మనవి.

జవాబు: మీ ఉత్తరంతో పాటు పంపిన జిరాక్సు కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు చదివాను. మీ మేనల్లుడు చెప్పింది నిజమే. అమెరికా సైన్యంలో విడుదలకు, గౌరవప్రదమైనది మొదలు అగౌరవకరమైనది దాకా, ఆనరబుల్, జనరల్, అదర్ దాన్ ఆనరబుల్, బ్యాడ్ కాండక్ట్, డిజానరబుల్ అని తరగతులు ఉన్నాయి. వాటిని మార్చమని కోరడానికి ప్రత్యేకమైన డిశ్చార్జ్ రివ్యూ బోర్డులు ఉన్నాయి. విడుదలైన 15 ఏళ్ల లోపు అయితే డీడీ 293 అనే ఫారం మీద ఆ బోర్డుకు, గడువు దాటితే డీడీ 149 అనే ఫారం మీద రికార్డులు సరిదిద్దే మరో బోర్డుకు దరఖాస్తు పెట్టుకుంటారు. యుద్ధ ప్రాంతాల్లో పనిచేసి మానసికంగా దెబ్బతిన్నవారి దరఖాస్తులను ఉదారంగా పరిశీలించాలని 2014లో అప్పటి రక్షణ మంత్రి చక్ హేగెల్ రికార్డులు సరిదిద్దే బోర్డులకు ఆదేశాలిచ్చారు.

మన దేశంలో అలాంటి బోర్డు లేదు, అలాంటి ఫారమూ లేదు. మన చట్టంలో విడుదలకు అలాంటి మెట్లు లేవు కనుక, కింది మెట్టు నుంచి పై మెట్టుకు ఎక్కించండని అడిగే దరఖాస్తుకు చోటు లేదు. మీరు ఇన్నాళ్లూ ఎవరిని అడిగినా సూటిగా జవాబు రాకపోవడానికి కారణం ఇదేనని నేను అనుకుంటున్నాను, ఎందుకంటే మీరు అడిగిన ప్రశ్నే మన చట్టంలో లేదు. మన చట్టంలో అడగగలిగిన ప్రశ్న వేరు: నన్ను పంపించిన ఉత్తర్వు చట్టప్రకారం నడిచిందా, లేదా? ఆ ఉత్తర్వు చెల్లదని తేలితే, దాన్ని ఆధారం చేసుకొని డిశ్చార్జ్ బుక్కులో రాసిన వాక్యం కూడా నిలబడదు. కాబట్టి మీ పోరాటం ఆ వాక్యం మీద కాదు, దాని వెనుక ఉన్న ఫైలు మీద.

ముందుగా ఒక మాట మీ మనసులో స్పష్టంగా ఉండాలి. మిమ్మల్ని డిస్మిస్ చేయలేదు, డిశ్చార్జ్ చేశారు. ఊళ్లో ఈ రెండింటినీ కలిపి ‘మిలిటరీ నుంచి తీసేశారు’ అంటారు గానీ, చట్టంలో వీటి మధ్య చాలా దూరం ఉంది. డిస్మిస్ అయినవారు పెన్షన్‌కూ గ్రాట్యుటీకీ అనర్హులవుతారు. డిశ్చార్జ్ అయినవారు తమ సర్వీసు ఎంత ఉంటే అంతకు తగిన ప్రయోజనానికి అర్హులుగానే ఉంటారు. మీకు గ్రాట్యుటీ ఇచ్చింది అందుకే. మీ అమ్మాయి మళ్లీ ఆ వాక్యానికి అర్థం అడిగితే ఇలా చెప్పండి: అది నేరానికి వేసిన శిక్ష కాదు, సైన్యం ఇక ఈ మనిషి సేవ అక్కర్లేదని తీసుకున్న పరిపాలనా నిర్ణయం. ఆ నిర్ణయం సరైనదో కాదో అడిగే హక్కు మీకు ఉంది.

ఇక ఆ నిర్ణయం ఎలా తీసుకోవాలో చూద్దాం. మీ డిశ్చార్జ్ 1950 నాటి సైనిక చట్టం కింద చేసిన 1954 నాటి సైనిక నిబంధనల్లోని 13వ నిబంధన ప్రకారం జరిగింది. ఆ నిబంధనలోని పట్టికలో మీ లాంటి కేసులు ‘ఇతర డిశ్చార్జ్‌లు’ అనే చివరి గడిలోకి వస్తాయి. ఆ గడి కింద ఉత్తర్వు ఇచ్చే అధికారం బ్రిగేడ్ కమాండర్‌కు గానీ సబ్ ఏరియా కమాండర్‌కు గానీ ఉంటుంది, యూనిట్ కమాండింగ్ ఆఫీసర్‌కు కాదు. దీనికి తోడు సైనిక ప్రధాన కార్యాలయం 1988 డిసెంబరు 28న ఒక విధాన లేఖ విడుదల చేసింది. మీ డిశ్చార్జ్ జరిగిన కాలానికి ఇలాంటి కేసుల్లో అనుసరించవలసిన పద్ధతి అందులోనే ఉంది. మీరు తలగడ కింద పెట్టుకోవలసిన కాగితం ఏదైనా ఉంటే అది ఆ లేఖే.

ఆ లేఖ ప్రకారం, డిశ్చార్జ్‌కు సిఫారసు చేసే ముందు నిష్పాక్షికమైన ప్రాథమిక విచారణ జరగాలి. ఆ విచారణలో సైనికుడు తన మాట చెప్పుకోవడానికి అవకాశం ఉండాలి. షోకాజ్ నోటీసు ఆ తరువాత రావాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు పడినంత మాత్రాన డిశ్చార్జ్ చేసి తీరాలని లేదని ఆ లేఖే చెబుతోంది. ఒక్కో ఎంట్రీ ఏ తప్పుకు పడిందో చూడాలి, సుదీర్ఘ సర్వీసునూ, కఠినమైన ప్రాంతాల్లో గడిపిన కాలాన్నీ లెక్కలోకి తీసుకోవాలి, పెన్షన్ సర్వీసు పూర్తి కావస్తున్నవారి పట్ల కఠినంగా ఉండకూడదు అని అందులో ఉంది. 13 ఏళ్ల 8 నెలల సర్వీసు ఉన్న మనిషి గురించే ఆ మాట రాసినట్టు అనిపిస్తుంది.

ఈ లేఖను సుప్రీంకోర్టు తేలికగా తీసుకోలేదు. వీరేంద్ర కుమార్ దూబే కేసులో 2015లో ఇచ్చిన తీర్పులో, నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు చూపించి యాంత్రికంగా పంపేయడం కుదరదని, ఆ విధాన లేఖలో చెప్పిన విచారణ జరిపి తీరాలని కోర్టు స్పష్టం చేసింది. విచారణ లేకుండా ఇచ్చిన డిశ్చార్జ్ ఉత్తర్వును కొట్టివేసింది. ఆ సైనికుడు పెన్షన్‌కు కావలసిన సర్వీసు పూర్తయ్యే దాకా ఉద్యోగంలో కొనసాగినట్టే పరిగణించమని ఆదేశించింది. ఆ మధ్య కాలానికి జీతం బకాయి ఇవ్వలేదు గానీ, పెన్షన్‌కు దారి తెరిచింది. అయితే మీకు ఒక వైపే చూపించడం నాకు ఇష్టం లేదు. 2019లో సత్గుర్ సింగ్ కేసులో అదే సుప్రీంకోర్టు డిశ్చార్జ్‌ను సమర్థించింది. విచారణ ఫలానా రూపంలోనే ఉండాలని లేదని, నోటీసు ఇచ్చి, జవాబు తీసుకుని, దాన్ని పరిశీలించిన తీరును కూడా చూడాలని ఆ తీర్పు సారం. కాబట్టి మీ కేసు ఈ రెండు తీర్పులలో దేని పక్కన నిలబడుతుందో మీ ఫైలే తేల్చాలి.

అందుకే మీరు పంపిన జిరాక్సుల మీద నేను ఎక్కువ సేపు కూర్చున్నాను. షోకాజ్ నోటీసు తేదీ 2011 ఆగస్టు 8. మీ హిందీ జవాబు కింద మీ సంతకం పక్కన ఆగస్టు 10 అని ఉంది. డిశ్చార్జ్ ఉత్తర్వు ఆగస్టు 16న వచ్చింది. ఆ ఉత్తర్వు అడుగున, ‘అథారిటీ’ అన్న మాట ఎదురుగా, బ్రిగేడ్ కార్యాలయం లేఖ నంబరు, దాని తేదీ చిన్న అక్షరాల్లో ఉన్నాయి. జిరాక్సులో కాస్త చెరిగిపోయినా భూతద్దంతో చూస్తే ఆ తేదీ కనిపిస్తుంది: 2011 జూలై 29. అంటే మీకు నోటీసు ఇవ్వడానికి పది రోజుల ముందే, మీ జవాబు పుట్టక ముందే, పై అధికారి నుంచి ఒక లేఖ వచ్చి ఉంది. అది మిమ్మల్ని పంపించేందుకు ఇచ్చిన మంజూరు అయితే, మీ జవాబును ఎవరూ చదవకుండానే నిర్ణయం అయిపోయిందని వాదించడానికి అంతకంటే బలమైన కాగితం ఉండదు. అది నోటీసు ఇవ్వడానికి మాత్రమే ఇచ్చిన అనుమతి అయితే మాత్రం ఆ వాదన నిలవదు. ఆ లేఖ ప్రతి మీ చేతికి వచ్చేదాకా దీని మీద గట్టిగా ఆశ పెట్టుకోవద్దు. కానీ మీరు మొదట సంపాదించవలసిన కాగితం అదే.

నోటీసులో మరో లోటు కూడా ఉంది. నాలుగు ఎంట్రీల తేదీలు, సెక్షన్లు, శిక్షలు వరుసగా రాశారు గానీ, మీ మొత్తం సర్వీసు ఎంత, ఎక్కడెక్కడ పనిచేశారు, ఆసుపత్రిలో ఎందుకు ఉన్నారు అన్న ప్రస్తావన ఒక్కటీ లేదు. విచారణ జరిగినట్టు కూడా నోటీసులో మాట లేదు. విచారణ నివేదిక ఫైలులో నిజంగా లేకపోతే, మీ కేసు దూబే తీర్పుకు చాలా దగ్గరగా వస్తుంది.

ఇక సర్వీసు లెక్క. సిపాయి స్థాయిలో సర్వీసు పెన్షన్‌కు 15 ఏళ్ల అర్హత సర్వీసు కావాలి. లోటును 12 నెలల వరకు మన్నించే వెసులుబాటు ఉంది. అది మొదట ఆరు నెలలే ఉండేది, 2001లో పెంచారు. మీకు 16 నెలల లోటు ఉంది, దానికి తోడు సెలవు దాటిన రోజులు, నిర్బంధంలో గడిపిన రోజులు అర్హత సర్వీసులోంచి తీసేస్తారు. అందుచేత లోటును మన్నించమని మాత్రమే దరఖాస్తు పెడితే అది తిరిగి వస్తుంది. మీ ఊళ్లో మిత్రులు ‘కండోనేషన్ పెట్టు, వచ్చేస్తుంది’ అని సలహా ఇచ్చారని రాశారు. వారి సలహా మంచి మనసుతో ఇచ్చిందే, మీ లెక్కకు మాత్రం అది సరిపోదు. డిశ్చార్జ్ ఉత్తర్వు చెల్లదని తేలి, 15 ఏళ్లు నిండేదాకా సర్వీసులో ఉన్నట్టు పరిగణిస్తేనే మీకు పెన్షన్ వస్తుంది.

మీ ఉత్తరంలో మీరు రెండు వాక్యాల్లో దాటేసిన విషయం గురించి ఇప్పుడు రాయాలి. ఎత్తయిన పోస్టుల నుంచి దిగాక నిద్ర లేదని, ఆసుపత్రిలో 23 రోజులు ఉన్నానని మీరు రాశారు. మన ఇళ్లలో మగవాళ్లు ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. మీరు కూడా దాన్ని తప్పుల జాబితాలో ఒకటిగానే రాసినట్టు నాకు అనిపించింది. దయచేసి అలా అనుకోవద్దు. సైన్యంలో చేరేటప్పుడు వైద్య పరీక్షలో లేని జబ్బు సర్వీసులో ఉండగా వస్తే, అది సర్వీసు వల్ల వచ్చిందని సైనికుడి వైపు అనుకూలంగా భావించాలని, కాదని నిరూపించే బాధ్యత ఎదుటి పక్షానిదేనని 2013లో ధర్మవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ చివరి రెండు ఎంట్రీలు ఆ ఆసుపత్రి తరువాతే పడ్డాయి. వైద్యం అవసరమైన మనిషిని మెడికల్ బోర్డు ముందు నిలబెట్టకుండా క్రమశిక్షణ దారిలో పంపించారా అన్నది మీ కేసులో నిజమైన ప్రశ్న. పంపించే ముందు జరిపిన రిలీజ్ మెడికల్ బోర్డు కాగితాలు, ఆసుపత్రి డిశ్చార్జ్ స్లిప్పు దొరికితే, వైకల్యం శాతం ఎంత రాశారో, అది సర్వీసు కారణంగా అని రాశారో లేదో చూడాలి. 20 శాతం, అంతకు మించి ఉండి, సర్వీసు వల్ల వచ్చిందని గానీ సర్వీసు వల్ల పెరిగిందని గానీ తేలితే వైకల్య పెన్షన్ కోసం వేరుగా వాదన ఉంటుంది. ఇప్పటికీ నిద్ర పట్టడం లేదని రాశారు కనుక, కేసు సంగతి పక్కన పెట్టి, ముందు గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి ఒకసారి వెళ్లండి. రాత్రి కాపలా పని మీ జబ్బుకు మంచిది కాదు.

కాగితాలు తెప్పించుకునే పద్ధతి కష్టమైనది కాదు. మీ రెజిమెంటుకు సంబంధించిన రికార్డు ఆఫీసు ప్రజా సమాచార అధికారి పేర సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి దరఖాస్తు పంపండి. ఆర్టిలరీ వారికి నాసిక్ రోడ్, ఈఎంఈ (సైన్యంలో యంత్రాలు, ఎలక్ట్రానిక్ పరికరాలు చూసే ఇంజినీర్ల శాఖ) వారికి సికింద్రాబాద్, మద్రాస్ ఇంజినీర్ గ్రూపు వారికి బెంగళూరు, ఇలా ఒక్కో శాఖకు ఒక్కో చోట రికార్డు ఆఫీసు ఉంటుంది. మీది ఏదో మీ డిశ్చార్జ్ బుక్కు మీదే ఉంది. దరఖాస్తులో మీ నంబరు, ర్యాంకు, పేరు, సర్వీసు తేదీలు రాసి, షీట్ రోల్ (సర్వీసు వివరాల కాగితం), కాండక్ట్ షీట్, ప్రాథమిక విచారణ కాగితాలు, షోకాజ్ నోటీసు, మీ జవాబు, 2011 జూలై 29 నాటి బ్రిగేడ్ లేఖ, డిశ్చార్జ్ ఉత్తర్వు, రిలీజ్ మెడికల్ బోర్డు కాగితాలు అన్నీ పేరు పేరునా అడగండి. ‘నా ఫైలు మొత్తం ఇవ్వండి’ అని ఒక్క మాటలో అడిగితే దొరికినదే పంపి చేతులు దులుపుకునే అవకాశం ఉంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. విచారణ కాగితాలు లేవని లిఖితంగా జవాబు వచ్చినా నిరాశ పడవద్దు, అలాంటి జవాబు మీకే పనికొస్తుంది. ఈ పని వాయిదా వేయవద్దు. పెన్షన్ లేనివారి సర్వీసు కాగితాలను సైన్యం 25 ఏళ్లే ఉంచుతుంది, ఆ తరువాత నాశనం చేస్తుంది. మీకు ఇంకా సమయం ఉంది గానీ, సగానికి పైగా గడిచిపోయింది.

కాగితాలు చేతికి వచ్చాక, రికార్డు ఆఫీసు ద్వారా సైన్యాధిపతికి ఒక వినతి పత్రం పంపాలి. అందులో కోపం, నిందలు వద్దు. నాలుగు ఎంట్రీలను ఒప్పుకుని, ఒక్కోదాని వెనుక పరిస్థితి రెండు మూడు వాక్యాల్లో చెప్పి, విధాన లేఖలోని ఏ మెట్టు తప్పిపోయిందో చూపించి, ఉత్తర్వును రద్దు చేసి 15 ఏళ్ల సర్వీసు పూర్తయినట్టు పరిగణించమని కోరండి. మీ ఉత్తరం చివర రాసిన ఆ రెండు వాక్యాలు, తప్పులు చేయలేదని అనడం లేదని, ఆ 13 ఏళ్ల 8 నెలలు కూడా మీవేనని రాసినవి, అందులో అలాగే పెట్టండి. ఏ న్యాయవాదీ అంతకంటే బాగా రాయలేడు. ఆరు నెలల్లో జవాబు రాకపోయినా, తిరస్కరిస్తూ జవాబు వచ్చినా, ఆ తరువాత ఆరు నెలల లోపు సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. 2007 నాటి చట్టంతో ఏర్పడి 2009లో పని మొదలుపెట్టిన ఈ ట్రిబ్యునల్‌లో ఆంధ్రప్రదేశ్ వారి కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. న్యాయవాదిని పెట్టుకోవచ్చు, సొంతంగా కూడా వాదించుకోవచ్చు. ఖర్చు భరించలేకపోతే గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించి, మీ ఆదాయం, మీ సామాజిక వర్గం ఆధారంగా ఉచిత సహాయానికి అర్హత ఉందేమో అడగండి.

ఆలస్యం గురించి మీరు అడిగారు. ఇప్పుడు కొత్తగా వినతి పత్రం పెట్టినంత మాత్రాన పాత గడువు మళ్లీ మొదలవుతుందని అనుకోకూడదు, ఎదుటి పక్షం ఆ అభ్యంతరం తప్పకుండా చెబుతుంది. అసలు దరఖాస్తుతో పాటు ఆలస్యాన్ని మన్నించమని కోరుతూ వేరే దరఖాస్తు, ప్రమాణ పత్రం పెట్టాలి. తగిన కారణం ఉంటే మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. మీ జబ్బు, చట్టం తెలియకపోవడం, పేదరికం, నాన్నగారి తరువాత ఇంటి బాధ్యత మీద పడడం, వీటిని ఉన్నది ఉన్నట్టు, తేదీలతో సహా రాయండి. పెన్షన్ లాంటి విషయాల్లో నష్టం ప్రతి నెలా కొనసాగుతూనే ఉంటుంది కనుక ఆలస్యం అయినంత మాత్రాన తలుపు మూసేయనవసరం లేదని, కాకపోతే బకాయిలు సాధారణంగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే పరిమితమని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీది పెన్షన్ ఒక్కదాని గురించిన కేసు కాదు, 2011 నాటి ఉత్తర్వును కొట్టివేయమనే కేసు కూడా. కాబట్టి ఆ తీర్పు మీకు పూర్తిగా కవచం కాదు, ఊతం మాత్రం అవుతుంది. ఒకవేళ గెలిచినా 2011 నుంచి పెన్షన్ మొత్తం ఒక్కసారిగా వస్తుందని లెక్కలు వేసుకోవద్దు. ట్రిబ్యునల్‌లో ఓడిపోతే హైకోర్టులో రిట్ వేసుకునే దారి తెరిచే ఉందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది.

మీ అమ్మాయి ధ్రువపత్రం విషయంలో ఆ కార్యాలయం వారు చెప్పినది నిబంధన ప్రకారమే. దుష్ప్రవర్తన, అసమర్థత కారణాలతో డిశ్చార్జ్ అయినవారు కేంద్ర నిబంధనల్లోని మాజీ సైనికుడి నిర్వచనంలోకి రారు. ఉత్తర్వు మారిన రోజున ఆ నిర్వచనంలోకి మీరు రావచ్చు. అప్పటి వరకు ఏ దరఖాస్తులోనూ ‘మాజీ సైనికుడు’ అనే గడిలో టిక్కు పెట్టవద్దు. అది తరువాత ట్రిబ్యునల్ ముందు మీ మాట విలువను తగ్గిస్తుంది, అమ్మాయి సీటుకు కూడా ముప్పు తెస్తుంది. పాతిక వేలు ఇస్తే కొత్త డిశ్చార్జ్ బుక్కు ‘తెప్పిస్తానని’ ఒక మధ్యవర్తి చెప్పినట్టు మీరు ఉత్తరం చివర రాశారు. ఆ మనిషికి మీ అసలు బుక్కు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వవద్దు. అతడు తెచ్చేది దొంగ బుక్కే అవుతుంది, నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు చేయలేని హాని ఆ ఒక్క బుక్కు మీకు చేస్తుంది.

ప్రశ్న: నమస్కారమండీ. మాది విజయవాడ. మా వారు 1983లో సైన్యంలో చేరి, 1994లో సమ్మరీ కోర్టు మార్షల్ అనే సైనిక విచారణలో డిస్మిస్ అయ్యారు. బతికినంత కాలం ఆ సంగతి ఇంట్లో ఎత్తనిచ్చేవారు కాదు. నిరుడు కాలం చేశారు. ట్రంకు పెట్టెలో ఒక ఇంగ్లీషు కాగితం దొరికింది, దాని నకలు పంపుతున్నాను. ఆ డిస్మిస్‌ను డిశ్చార్జ్‌గా మార్పించి నాకు ఫ్యామిలీ పెన్షన్ ఇప్పిస్తామని ఒకరు అంటున్నారు. మా అబ్బాయి అప్పు చేసైనా కేసు వేద్దామంటున్నాడు. వేయమంటారా?

జవాబు: అమ్మా, మీ అబ్బాయిని అప్పు చేయవద్దని చెప్పండి. పై ఉత్తరం రాసిన ఆయన కేసు వేరు, మీ వారిది వేరు. కోర్టు మార్షల్ శిక్ష మీద సైనిక చట్టం 164వ సెక్షన్ కింద పిటిషన్ పెట్టుకోవడానికి అప్పట్లో మీ వారికి హక్కు ఉండేది. ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాక, శిక్ష పడిన మనిషి కూడా లేనప్పుడు, తీర్పును తిరగతోడడం చాలా కష్టం. కష్టపడి డిస్మిస్‌ను డిశ్చార్జ్‌గా మార్చగలిగినా, ఆయన సర్వీసు 11 ఏళ్లే కనుక 15 ఏళ్ల సర్వీసు పెన్షన్ ఆయనకే వచ్చేది కాదు. ఈ లెక్క మీకు చెప్పకుండా ఫ్యామిలీ పెన్షన్ అని ఆశ పెట్టిన వారి మాట నమ్మవద్దు. ఒక్క సందర్భంలో మాత్రం నా సలహా మారుతుంది. ఆ రోజుల్లో ఆయనకు మానసిక వైద్యం గానీ, తలకు దెబ్బ గానీ జరిగినట్టు ఇంట్లో ఏ పాత ఉత్తరంలోనైనా, ఆసుపత్రి చీటీలోనైనా ఆనవాలు దొరికితే నాకు మళ్లీ రాయండి.

మీరు పంపిన కాగితం నిందాపత్రం కాదు. సైనిక చట్టం 23వ సెక్షన్ ప్రకారం సర్వీసు ముగిసిన ప్రతి సైనికుడికీ కమాండింగ్ ఆఫీసర్ ఇవ్వవలసిన సర్టిఫికెట్. అందులో సర్వీసు ముగించిన అధికారి ఎవరు, కారణం ఏమిటి, మొత్తం సర్వీసు ఎంత అన్న మూడు సంగతులు ఉంటాయి. మీ నకలులో కారణం కోర్టు మార్షల్ అని, సర్వీసు 11 ఏళ్ల 2 నెలలు అని ఉంది. ఆ సెక్షన్ ప్రకారం ఇదే సర్టిఫికెట్ ఇంగ్లీషుతో పాటు సైనికుడి మాతృభాషలో కూడా ఇవ్వాలి. మీ ట్రంకు పెట్టెలో తెలుగు ప్రతి దొరకలేదు.

ఆయన ఏ తప్పుకు డిస్మిస్ అయ్యారో తెలియక మీరు ఇన్నేళ్లు మనసులో పెట్టుకుని బాధపడ్డానని రాశారు. 25 ఏళ్ల గడువు 2019లోనే ముగిసింది కనుక కోర్టు మార్షల్ కాగితాలు ఉండకపోవచ్చు. కానీ సైనికుల సర్వీసు వివరాలు క్లుప్తంగా రాసి ఉండే లాంగ్ రోల్ అనే రిజిస్టరును రికార్డు ఆఫీసులు శాశ్వతంగా ఉంచుతాయి. మరణ ధ్రువపత్రం, మీ ఆధార్ నకలు జతచేసి, భార్యగా మీ పేరుతోనే ఆ ఎంట్రీ ప్రతిని, 23వ సెక్షన్ సర్టిఫికెట్ తెలుగు ప్రతిని ఇవ్వమని రాయండి. ఖర్చు పోస్టల్ ఆర్డరు పది రూపాయలు, రిజిస్టర్డ్ పోస్టు చార్జీలు. జవాబు ఇంగ్లీషులో వస్తే నాకు పంపండి, తెలుగులో రాసి తిరిగి పంపుతాను.